మడతల్లో దురద, పొద్దున్నే తుమ్ములు: రెండూ ఒకచోటివే

మా వాడి చర్మానికి ఒక డాక్టరు దగ్గరికి, ముక్కుకి ఇంకో డాక్టరు దగ్గరికి రెండేళ్లు తిరిగాం. చర్మం డాక్టరుకి తుమ్ముల సంగతి చెప్పాలని మాకు తోచలేదు, ఆయనా అడగలేదు. పైగా మన దగ్గర దురద పెట్టేదల్లా గజ్జి, కాకపోతే తామర. గజ్జి కంటికి ఆనని పురుగు వల్ల వస్తుంది, తామర ఫంగస్ వల్ల. రెండూ అంటుకుంటాయి. మా వాడిది ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు. అది అంటుకోదు.

సమస్య: మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక దురద. లేవగానే వరసగా తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు. జ్వరం మాత్రం ఉండదు.

కారణం: చర్మం పైపొర గట్టిగా ఉండాలంటే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కావాలి. దాని జన్యువులో లోపం ఉన్నవాళ్లకి ఎగ్జిమా ఎక్కువగా వస్తుందని 2006లో తేలింది. పెచ్చులూడిన గోడలోకి చెమ్మ దిగినట్టు, పొడిబారిన చర్మంలోంచి పరుపుల్లోని దుమ్ము పురుగుల తాలూకు రేణువులు లోపలికి దిగుతాయి. ఒళ్లు వాటిని శత్రువనుకుని ఐజీఈ అనే యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. ఆ తర్వాత అదే దుమ్ము ముక్కులోకి వెళ్తే తుమ్ములు. అందుకే చాలామంది పిల్లల్లో పాలుతాగే వయసులో ఎగ్జిమా, బడికెళ్లే వయసుకి ముక్కు అలర్జీ, కొందరిలో ఆస్తమా కూడా. అందరికీ ఈ వరసలోనే రావాలనేం లేదు.

ఏం చేయాలి: ముందు గోడ బాగుచేయాలి. గోరువెచ్చటి నీళ్లతో కాసేపే స్నానం, నలుగు పెట్టి రుద్దడం బంద్. ఒళ్లు మెత్తగా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ దండిగా రాయాలి. దురద లేని రోజుల్లోనూ రాయాలి, అందరూ మానేసేది అక్కడే.

ఎర్రబడినచోట డాక్టరు రాసిన స్టెరాయిడ్ క్రీము. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవునా తీస్తే దాదాపు అర గ్రాము, అది వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. భయపడి చుక్క రాసినా, ధైర్యం చేసి నెలల తరబడి రాసినా తప్పే.

ముక్కుకి స్టెరాయిడ్ స్ప్రే ఇస్తే తల కొంచెం ముందుకు వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో, చెవి వైపుకి కొట్టాలి. మధ్య గోడకి తగిలితే రక్తం రావచ్చు. పూర్తి గుణం కనపడటానికి రెండు వారాలు పట్టొచ్చు, మూడోరోజే పారేయొద్దు. దుప్పట్లు, దిండు కవర్లు వారానికోసారి ఉతకాలి. పురుగులు చావాలంటే నీళ్లు 60 డిగ్రీల వేడి ఉండాలి.

సమస్య: సిట్రజిన్ వేస్తే తుమ్ములు తగ్గాయి, దురద తగ్గలేదు.

అలర్జీ వచ్చినప్పుడు ఒళ్లు వదిలే హిస్టమిన్ అనే రసాయనాన్ని ఆ మాత్ర అడ్డుకుంటుంది. ఎగ్జిమా దురదలో హిస్టమిన్ పాత్ర కొంతే. డోసు పెంచడం కాదు, చర్మానికి మందు సరిగ్గా అందుతోందో లేదో చూసుకోవాలి.

సమస్య: మెడికల్ షాపులో ఇచ్చిన క్రీముతో రెండు రోజుల్లో తగ్గింది, మానేయగానే రెట్టింపైంది.

ట్యూబు మీద పేర్లు చదవండి. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపినవి ఇలాగే చేస్తాయి. అసలుది తామరైతే స్టెరాయిడ్ దాన్ని ఇంకా పాకనిస్తుంది. చర్మం డాక్టరుకి ఆ ట్యూబు కూడా చూపించండి.

సమస్య: వానలు పడ్డాక ముఖం, మెడ, కనురెప్పలు మంట. పొలానికి వెళ్లొస్తే ఎక్కువ.

వయ్యారిభామని అనుమానించాలి. 1950ల్లో దిగుమతి గోధుమలతో వచ్చిందని చెప్పే ఈ కలుపు మొక్క పుప్పొడి ముక్కుకి పడదు, గాలిలో ఎగిరే దాని పొడి చర్మానికి పడదు. చర్మం గొడవ ఇక్కడ ఐజీఈ దారిలో కాకుండా వేరే దారిలో వస్తుంది, కాబట్టి ప్యాచ్ టెస్ట్ (వీపు మీద పట్టీలు అంటించి ఏది పడదో చూసే పరీక్ష) అడగండి. మొక్కని పూతకి రాకముందే, చేతికి గ్లౌజులు వేసుకుని పీకాలి. పడనివాళ్లు అసలు ముట్టుకోకూడదు.

సమస్య: ముక్కు చుక్కలు వేయకపోతే ఊపిరాడట్లేదు.

బిగుసుకున్న ముక్కుని వెంటనే తెరిచే చుక్కలు నాలుగైదు రోజులు దాటితే అవే ముక్కుని బిగిస్తాయి. డాక్టరుతో మాట్లాడి మానేయాలి.

ఇక దురద వస్తుందని వంకాయ, గోంగూర మాన్పించడం. ఫలానాది తిన్న వెంటనే దద్దుర్లు వస్తే మాన్పించడం సరే, లేకపోతే ఊరికే పిల్లల తిండి తగ్గించడమే.

రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు ఉంటే ఆస్తమా పరీక్ష చేయించాలి. ఎగ్జిమా మీద పసుపుపచ్చ పక్కు కడితే ఇన్‌ఫెక్షన్. జ్వరంతో పాటు గుంపుగా నీటిపొక్కులు లేస్తే ఆరోజే ఆస్పత్రికి వెళ్లాలి.