నూతి గోడ మొక్కలు బాల్కనీ కుండీలో: నాచు, ఫెర్న్, రాతిపువ్వు

మొన్న అమ్మ ఊరి నుంచి వచ్చింది. బాల్కనీలో వరసగా పెట్టిన మట్టి మూకుళ్లు చూసి, "ఏరా, నూతి చప్టా మీద నాచు పడితే కాలు జారుతుందని కొబ్బరి పీచు పెట్టి తోమి తోమి చచ్చేవాళ్లం, నువ్వు దాన్ని కూర్చోబెట్టి నీళ్లు పోస్తున్నావా" అంది. నాకు నవ్వొచ్చింది కానీ ఆవిడ అన్నదాంట్లోనే అసలు సంగతి ఉంది. తోమినా తోమినా మళ్లీ మొలిచేంత మొండిదాన్ని కుండీలో పెంచడం కష్టం కాకూడదు కదా, మరి చాలామందికి ఎందుకు చచ్చిపోతోంది?

నాకూ చచ్చిపోయింది. మొదటిసారి ఊటీ వెళ్లినప్పుడు రోడ్డు పక్కన ఒకాయన దగ్గర సంచీడు నాచు కొన్నాను, పచ్చగా దుప్పటిలా ఉంది. హైదరాబాద్ తెచ్చి గాజు జాడీలో పెట్టి రోజుకి మూడుసార్లు నీళ్లు చల్లాను. సంక్రాంతికి పసుపెక్కింది, ఉగాదికి వాసనొచ్చింది. అదే సమయానికి మా అపార్ట్‌మెంట్ బోరు మోటారు వెనక, ఉత్తరం వైపు ప్రహరీ మీద మామూలు నాచు ఎండి నల్లగా అయిపోయి, జులైలో రెండు వానలు పడేసరికి ఏమీ జరగనట్టు పచ్చబడింది. అప్పుడు బుర్రకెక్కింది. చల్లటి కొండల నాచు కొండలదే, మీ ఇంట్లో బతికేది మీ వీధి గోడ మీద పుట్టింది. కాబట్టి నర్సరీకి వెళ్లకండి, ముందు ఒకసారి ఇంటి చుట్టూ తిరగండి. అన్నట్టు, నర్సరీల్లో అమ్మే బోస్టన్ ఫెర్న్ (ఫెర్న్ అంటే పువ్వులు పూయని ఆకు మొక్క) కూడా అమెరికా వైపు మొక్క, మనది కాదు.

ఏం వెతకాలో చెప్తాను. మనం పాచి, నాచు రెండూ కలిపేసి మాట్లాడతాం కానీ ఇక్కడ నాచు అంటే గోడ మీద మఖమల్ గుడ్డలా ఉండే మాస్, పాచి అంటే జిగురుగా ఉండే ఆల్గే. మన ఊళ్లలో ఇటుక గోడలు, సిమెంటు గట్ల మీద ఎక్కువగా కనపడేది హయోఫిలా అనే నాచు. కాలిబాట రాళ్ల సందుల్లో వెండి రంగు మెరుపుతో పొట్టిగా కనిపిస్తే అది బ్రయం. ఫెర్నుల్లో సులువైనది టెరిస్ విట్టాటా, కారుతున్న పైపు మోచెయ్యి దగ్గర, పాత గోడ పగుళ్లలో, నూతి లోపల రాళ్ల మధ్య నిచ్చెన మెట్లలా పొడుగాటి ఆకులతో వేలాడుతూ ఉంటుంది, మీరు చూసే ఉంటారు, పేరు తెలియదంతే. తర్వాతది హంసపాది, నల్లటి సన్నటి కాడ, అర్ధచంద్రాకారం ఆకులు. గుట్టల మీద రాళ్ల నెర్రెల్లో చిన్న నెమలి పురిలా విచ్చుకునేది మయూరశిఖ.

ఒక మాట. రిజర్వు ఫారెస్టు నుంచి, కేబీఆర్ పార్కు లాంటి చోట్ల నుంచి, గోల్కొండ లాంటి రక్షిత కట్టడాల గోడల నుంచి ఏదీ గోకి తేకండి, చట్టం ఒప్పుకోదు, అసలు అవసరమూ లేదు. సొంత ఇల్లు, అడిగి తీసుకున్న పక్కింటి గోడ, కూల్చేస్తున్న పాత ఇల్లు చాలు. పాత ఇల్లు పడగొడుతున్నారంటే నేను పనులన్నీ మానుకుని వెళ్తాను, ఫెర్నులకి ఫెర్నులు, గచ్చు పెళ్లలకి గచ్చు పెళ్లలు. ఆ గచ్చు (పాత గోడల సున్నం పూత) ఎందుకో కింద చెప్తాను.

నాచు తీయడానికి మంచి కాలం తొలకరి పడ్డాక, జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా. పాత అట్లకాడ తీసుకుని, గోడ తడిగా ఉన్నప్పుడు, రూపాయి బిళ్లంత ముక్కలు నాలుగైదు చోట్ల నుంచి తీయండి. ఒకే చోట నుంచి అరచెయ్యంత పీకేస్తే అక్కడ మళ్లీ మూసుకోడానికి ఏళ్లు పడుతుంది. ఇంటికి తెచ్చి అడుగు వైపు మట్టి మెల్లగా కడగండి, నత్త పిల్లలు, వానపాములు ఉంటాయి.

నాచుకి వేర్లు లేవు. గోడని పట్టుకోడానికి సన్నటి నూగులాంటివి ఉంటాయి, నీళ్లు మాత్రం ఆకులతోనే పీలుస్తుంది. ఇది గుర్తుంటే మిగతా పని అంతా దానంతటదే అర్థమవుతుంది. లోతు కుండీ దండగ, రెండంగుళాల లోతున్న మట్టి మూకుడు చాలు, అడుగున చిల్లు ఉండాలి (మూకుడుని రాత్రంతా నానబెట్టి మేకుతో మెల్లగా తిప్పితే పడుతుంది, సుత్తి పెట్టి కొడితే రెండు ముక్కలు, నాకు మూడు పోయాయి). రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు ఇటుక పొడి కలిపి తడిపి గట్టిగా అదమండి. ఎరువు వద్దు, పేడ వద్దు, వర్మీ కంపోస్టు అస్సలు వద్దు, బలం ఎక్కువైతే నాచు కాదు పాచి వస్తుంది. ముక్కలు పెట్టి బొటనవేలితో బాగా నొక్కండి, చాలామంది తప్పు ఇక్కడే చేస్తారు, నాచు పాపం నలిగిపోతుందని పువ్వులా పైన పెట్టేస్తారు, కింద గాలి ఉంటే రెండు రోజుల్లో ఎండి అంచులు లేస్తాయి. లేచేవాటిని చీపురు పుల్ల ముక్కలతో గుచ్చి ఉంచండి. ముక్కల మధ్య ఖాళీలు వదిలేయండి, అవే నింపుకుంటాయి.

ఇంతకన్నా సులువు పద్ధతి కావాలంటే ఒక మంచి కాలిన ఇటుక తీసుకుని, నీళ్లలో ఒక రోజు నానబెట్టి, పళ్లెంలో అర అంగుళం నీళ్లు పోసి అందులో నిలబెట్టి, పైన నాచు నొక్కండి. ఇటుక కింద నుంచి నీళ్లు లాగి పైకి ఇస్తూ ఉంటుంది.

నీళ్ల దగ్గరే హైదరాబాద్ వాళ్లకి అసలు గొడవ. బోరు నీళ్లు పోస్తే నెలలోనే మట్టి మీద, ఇటుక మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, నాచు కొసలు గోధుమ రంగుకి తిరుగుతాయి. వాన నీళ్లు డ్రమ్ములో పట్టుకుంటే అంతకన్నా మంచివి లేవు. అవి అయిపోతే ఆర్‌ఓ తాగేనీళ్లు స్ప్రే బాటిల్‌లో పోసి పొద్దున్నే ఒక్కసారి చల్లండి. ఆర్‌ఓ మెషీన్ పైపు నుంచి బయటికి పోయే నీళ్లు మాత్రం కాదు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఏసీ నీళ్లు ఫెర్నులకి పోస్తాను, నాచుకి పోయను, రాగి గొట్టాల మీదుగా కారే నీళ్లంటే నాకు అనుమానం, రాగి నాచుకి పడదు.

మజ్జిగలో నాచు కలిపి మిక్సీ పట్టి గోడకి పూస్తే తెగ పెరుగుతుందని వీడియోలు తిరుగుతుంటాయి. నేనూ చేశాను. మన ఎండకి మొదటి రోజు పులిసిన వాసన, రెండో రోజు చీమలు, నాలుగో రోజు బూజు. వారం దాకా ఇంట్లో నా మొహం ఎవరూ చూడలేదు. ఎండిన నాచుని చేత్తో నలిపి పొడిచేసి తడి మట్టి మీద చల్లితే సరిపోతుంది, ప్రతి తునకా మళ్లీ మొలవగలదు, కాకపోతే రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

ఇక ఫెర్న్. టెరిస్ తీసేటప్పుడు రెండు మూడు ఆకులున్న చిన్న పిల్లనే తీయండి, పెద్దది గోడలోంచి లాగితే వేర్లన్నీ గోడలోనే ఉండిపోతాయి, ఆకులు మన చేతిలోకి వస్తాయి. వేర్లకి అంటుకున్న గచ్చు ముక్కని దులపకండి, దానితోనే నాటండి. నాలుగంగుళాల మట్టి కుండీ, అడుగున ఇటుక ముక్కలు, పైన ఎర్రమట్టి, ఇసుక, బాగా కుళ్లిన ఆకు ఎరువు సమపాళ్లలో, అందులో గుప్పెడు గచ్చు పొడి. ఈ మొక్కకి సున్నం ఇష్టం, అందుకే పాత గోడలు వెతుక్కుంటుంది. దుంపలాంటి మొదలు మట్టి పైకి కనపడాలి, పూడ్చేస్తే కుళ్లిపోతుంది. నాటాక వారం పాటు పాలిథీన్ కవరు వదులుగా కప్పి నీడలో ఉంచండి, తర్వాత తూర్పు బాల్కనీలో గంటో రెండు గంటలో పొద్దుటెండ తగిలే చోటికి మార్చండి. పై మట్టి ఆరితేనే నీళ్లు. వానాకాలంలో నెలకోసారి బాగా పల్చటి పేడ నీళ్లు పోస్తే చాలు. ఇంకో సంగతి, ఈ టెరిస్ మట్టిలో ఆర్సెనిక్ అనే విషం ఉంటే దాన్ని పీల్చి ఆకుల్లో దాచుకుంటుందని 2001లో ఫ్లోరిడా పరిశోధకులు నేచర్ పత్రికలో రాశారు. ఫ్యాక్టరీల పక్కన, మురుక్కాలవల్లో పెరిగిన మొక్క తేకండి, దాని ఆకులు కూరమొక్కల కంపోస్టులో వేయకండి.

హంసపాదిది వేరే స్వభావం. వానలతో లేచి, చలికాలం వెళ్లేసరికి పైన మొత్తం ఎండిపోతుంది. ఈ విషయం తెలియక మొదటి ఏడు ఫిబ్రవరిలో చచ్చిందనుకుని కుండీలో మట్టంతా కింద క్రోటన్ల మొదట్లో గుమ్మరించేశాను. జులైలో వాచ్‌మన్ పిలిచి "సార్, మీ మొక్క ఇక్కడ వచ్చింది" అన్నాడు, చూస్తే క్రోటన్ల కింద నల్ల కాడలు. కాబట్టి ఎండిపోయినా పారేయకండి, కుండీని నీడలో ఒక మూల పెట్టి పదిహేను రోజులకోసారి కాస్త తడి చూపించండి. పెరుగుతున్నప్పుడు పొడుగాటి ఆకు కొన పక్క కుండీ మట్టికి తగిలేలా వంచి రాయి పెడితే అక్కడే వేరేసి పిల్ల అవుతుంది.

మయూరశిఖని గుట్ట నుంచి పెకలించి తెస్తే నూటికి తొంభైసార్లు చస్తుంది, నెర్రెలో ఇరుక్కున్న వేరు పూర్తిగా రాదు. దానికి స్పోర్లే (ఫెర్నులకి విత్తనాల బదులుండే సన్నటి పొడి) దారి. ఆకు వెనక గోధుమ రంగు గీతలు ముదిరినప్పుడు ఒక్క ఆకు తుంచి, తెల్ల కాగితం మడతలో పెట్టి పుస్తకం కింద రెండు రోజులు ఉంచండి. కాగితం మీద నశ్యంలా పొడి రాలుతుంది. పెరుగు డబ్బాలో కొబ్బరి పొట్టు వేసి, మరుగుతున్న నీళ్లు పోసి, చల్లారాక ఆ పొడిని పల్చగా ఊది, మూత పెట్టి వెలుతురున్న నీడలో పెట్టండి. మూడు నాలుగు వారాలకి ఆకుపచ్చ పొర కనపడుతుంది. పాచి పట్టిందని పారేయకండి, భూతద్దంలో చూస్తే గోరు కొనంత హృదయం ఆకారం రేకులు ఉంటాయి. అప్పుడు పైన నీళ్ల తడి పల్చటి పొరలా ఉండాలి, ఆ తడిలో ఈదితేనే మగ కణాలు ఆడ కణాలని చేరతాయి. ఇంకో రెండు మూడు నెలలకి అసలు ఫెర్న్ ఆకు లేస్తుంది. టెరిస్, హంసపాది కూడా ఇలాగే వస్తాయి. మయూరశిఖ పిల్లల్ని మాత్రం సగానికి పైగా రాతి ముక్కలు, ఇసుక ఉన్న కుండీలోకి మార్చండి.

రాతిపువ్వు అంటే బిర్యానీ మసాలాలో వేసేదే, లైకెన్. మా చెల్లెలు "మరి వంటింటి డబ్బాలోది నాటితే రాదా అన్నయ్యా" అని అడిగింది. రాదమ్మా, అది ఎప్పుడో చచ్చింది. లైకెన్ అసలు ఒక్క ప్రాణి కాదు, బూజు జాతిదీ ఆల్గేదీ కలిసి కాపురం. దాన్ని నాటడం, అంటు కట్టడం ఏవీ కుదరవు, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరిగితే గొప్ప. మనం చేయగలిగింది, గాలివానకి విరిగిపడ్డ మామిడి కొమ్మ మీదో, దొర్లిపడున్న చిన్న రాయి మీదో ఉంటే దాన్ని అలాగే తెచ్చి నాచు పక్కన పెట్టడం. ఏ వైపు వెలుతురుకి ఉందో ఆ వైపే ఉంచండి. మూసిన గాజు జాడీలో పెడితే తప్పకుండా చస్తుంది, దానికి తడవాలి, ఆరాలి, మళ్లీ తడవాలి, గాలి ఆడాలి. సిటీ పొగలో మెయిన్ రోడ్డు వైపు బాల్కనీలో ఆశ పెట్టుకోకండి. మామిడి చెట్టుకున్న ఆ బూడిద రంగు మచ్చలు తెగులని మందు కొట్టే వాళ్లకి చెప్పండి, అది చెట్టు నుంచి ఏమీ పీల్చుకోదు.

వేసవిలో ఏం చేయాలంటే, ఎండిపోయి ఉన్న హంసపాది తప్ప మిగతా ఫెర్నులని లోపలి నీడకి జరిపి నీళ్లు పోస్తూ ఉండండి. నాచుకి మాత్రం నీళ్లు ఆపేయండి, అవును, పూర్తిగా. ఏప్రిల్, మే ఎండల్లో తడిగా ఉన్న నాచు ఉడికిపోతుంది, ఎండిన నాచు నిద్రపోతుంది. మా హయోఫిలా రోహిణి కార్తెలో ఆకులన్నీ లోపలికి చుట్టుకుని కాలిన తేయాకులా ఉంటుంది. నమ్మకం కుదరకపోతే చిన్న ముక్క అరచేతిలో పెట్టుకుని రెండు చుక్కల నీళ్లు వేసి కళ్లు దగ్గర పెట్టి చూడండి, నిమిషం లోపే ఒక్కొక్క ఆకూ విప్పుకుని చిన్న చిన్న పచ్చ నక్షత్రాలు పరుచుకుంటాయి. అమ్మకి అలా చూపిస్తే, కళ్లజోడు తెమ్మంది.

చివరగా పావురాలు. నాచు పీకేస్తాయి, మూకుడు మీద వల బిగించండి. ఇక పండగ ముందు ప్రహరీకి సున్నం కొట్టేటప్పుడు మేస్త్రీని ముందు రోజే పట్టుకుని, మోటారు వెనక రెండు గజాలు వదిలేయమని అడగండి. నేను అడిగితే ఆయన "నాచుకా సార్?" అని రెండుసార్లు అడిగి, టీ తాగి, వదిలేశాడు.