పేదరికం మీద ప్రాజెక్టు చేయాలా? ముందు ఒక్క కాలనీకి వెళ్ళండి

పీజీలో నేను ప్రాజెక్టుకి పెట్టుకున్న పేరు "నెల్లూరు జిల్లాలో పేదరికం - ఒక పరిశీలన". గైడు గారు ఆ కాగితం చూసి ఒక్క మాటే అడిగారు: "ఇది పూర్తయ్యాక ఎవరి చేతిలో పెడతావు?" నా దగ్గర జవాబు లేదు. అప్పటి జిల్లాలో 46 మండలాలు. నాకున్నది మూడు నెలల గడువు, ఒక డొక్కు బైకు.

మీరు కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ విద్యార్థులైనా, ఒంగోలులో ఆంధ్రకేసరి యూనివర్సిటీ విద్యార్థులైనా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టండి. మీ లెక్క తేలితే రేపు ఏ ఆఫీసులో ఎవరు ఏ పని చేయగలరు? అది చెప్పలేకపోతే టాపిక్ ఇంకా పెద్దదిగా ఉన్నట్టే.

1. ప్రశ్నను చిన్నది చేయండి

"పేదరికానికి కారణాలు" అని మొదలుపెడితే పుస్తకాల్లో ఉన్నవే మళ్ళీ రాసుకొస్తారు. దానికి బదులు ఇలాంటిది చూడండి: ఒక యానాదుల (ఇక్కడి గిరిజనుల) కాలనీలో ఆధార్ లేనివాళ్ళు ఎంతమంది, ఒక్కొక్కరి పని ఎక్కడ ఆగిపోయింది? ఆధార్ లేకపోతే రేషన్ కార్డు దగ్గర నుంచి బ్యాంకు ఖాతా దాకా ఏ పనీ ముందుకు కదలదు. ఆధార్ కోసం వెళితే పుట్టిన తేదీ సర్టిఫికెట్ అడుగుతారు. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. కాలవ గట్టున గుడిసెలో పుట్టిన బిడ్డకి ఇవన్నీ ఎవరు చేయించారు? మీరు ఇంటింటికీ తిరిగి "వీళ్ళకి సర్టిఫికెట్ లేదు, వీళ్ళకి వేలిముద్ర పడటం లేదు, వీళ్ళ పేరు తప్పు పడింది" అని విడదీసి రాస్తే, అది తహసీల్దారుకీ పనికొస్తుంది, యానాదుల కోసం నెల్లూరులో ఉన్న గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకీ పనికొస్తుంది.

కనిగిరి వైపు వాళ్ళకి ఇంకో రకం ప్రశ్నలు దొరుకుతాయి. ఫ్లోరైడ్ నీళ్ళున్న ఊళ్ళో కూలి కుటుంబం క్యాన్ నీళ్ళకి నెలకి ఎంత పెడుతోంది? బేల్దారి (తాపీ) పనికి హైదరాబాదో బెంగళూరో పోయిన ఇళ్ళల్లో పిల్లలు ఆ నెలల్లో ఏ బడిలో ఉన్నారు?

అసలు ప్రశ్న కాలనీవాళ్ళ నోటి నుంచి వస్తే ఇంకా మంచిది. నెల్లూరు జిల్లా దూబగుంట ఊళ్ళో జరిగింది అదే. అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు సారా సంగతి ఎత్తారు. అక్కడ మొదలైన ఉద్యమంతో 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ వెనకే ఈ జిల్లా ఆడవాళ్ళు రోజుకో రూపాయి దాచుకుంటూ పొదుపులక్ష్మి సంఘాలు కట్టారు. ఆ తరగతులు పెట్టినవాళ్ళు ముందుగా అనుకున్న సంగతులు కావు ఇవి.

2. ఉన్న లెక్కలు తీసుకోండి, కానీ జాగ్రత్త

2011 జనాభా లెక్కలు పాత జిల్లాలవి. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లాల హద్దులు మారుతూ వచ్చాయి. ఆ లెక్కల్లో కందుకూరు ప్రకాశం జిల్లాలో ఉంటుంది, గూడూరు, సూళ్ళూరుపేట నెల్లూరులో ఉంటాయి. అందుకని జిల్లా మొత్తం అంకె పట్టుకోకుండా మండలం, ఊరు వారీ అంకెలు తీసుకోండి. ఆఫీసు నుంచి సమాచారం కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు మొదటి వారంలోనే పెట్టేయండి. జవాబుకి 30 రోజుల గడువు ఉంటుంది. రెండో నెలలో పెడితే వైవా దగ్గరపడ్డాక వస్తుంది.

3. మొదటిసారి ప్రశ్నపత్రం లేకుండా వెళ్ళండి

డిపార్ట్‌మెంటు లెటర్ జేబులో ఉండాలి, చేతిలో ఫైలు మాత్రం వద్దు. ఫైలు కనపడితే ఇల్లు శాంక్షన్ చేయడానికి వచ్చారనుకుంటారు. అంగన్‌వాడీ టీచరునో, సంఘం లీడరునో ముందు కలవండి. పొద్దున ఏడింటికే అందరూ కూలికి పోతారు కాబట్టి, సాయంత్రం ఆరు దాటాక వెళ్ళాలి. "మీకు ఇల్లు ఇప్పిస్తాం" లాంటి మాట పొరపాటున కూడా అనకండి.

నా మొదటి ఇంటర్వ్యూలో చేపలు బాగు చేసుకుంటున్న ఒక పెద్దమ్మను "నెలకి మీ ఆదాయం ఎంత?" అని అడిగాను. ఆమె నవ్వేసి, "నెలదేం తెలుసు అబ్బయ్యా, ఇయ్యాల్టిది అడుగు చెప్తా" అంది. నా ప్రశ్నపత్రంలో సగం ఆ సాయంత్రమే కొట్టేశాను.

జాతీయ నమూనా సర్వే వాళ్ళు కూడా అన్నిటికీ ఒకే గడువు పెట్టి అడగరు. చేపలు, కూరగాయల లాంటివి గడిచిన 7 రోజులకి, బియ్యం 30 రోజులకి, బట్టలు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు 365 రోజులకి అడుగుతారు. మీరూ ఆదాయం వదిలేసి ఖర్చు, అప్పు, పని దొరికిన రోజులు అడగండి. "పోయిన వారంలో ఎన్ని రోజులు పనికి పోయారు?" అంటే ఎవరైనా వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతారు.

ప్రశ్నలు పదిహేను చాలు. ముందు ఐదు ఇళ్ళల్లో అడిగి చూసి, అర్థం కానివి మార్చండి. 60 ఇళ్ళ కాలనీ అయితే అన్ని ఇళ్ళూ తిరగండి. 400 ఇళ్ళ ఊరైతే ప్రతి ఎనిమిదో ఇల్లు చొప్పున 50 ఇళ్ళు అవుతాయి. తాళం వేసిన ఇంటిని వదిలేయకుండా మళ్ళీ ఒకసారి వెళ్ళండి. వలసపోయిన కుటుంబం అదే కావచ్చు, మీ లెక్కకి కావలసింది వాళ్ళే.

4. పక్కన ఎవరున్నారో చూసుకోండి

రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే కుటుంబాన్ని ఓనరు ముందు అడ్వాన్సు గురించి అడిగితే నిజం రాదు, పైగా మీరు పోయాక వాళ్ళకే తంటా. అలాంటి చోట అప్పు ప్రశ్న ఆపేసి వేరే రోజు వెళ్ళండి. నోటుబుక్కులో పేర్లు రాయకుండా ఇంటికో నంబరు ఇవ్వండి. ఫోటో అడక్కుండా తీయకండి. అప్పు తీరేదాకా కదలకూడదని ఎవరినైనా కట్టిపడేసినట్టు తెలిస్తే అది 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వచ్చే వ్యవహారం. వీడియో తీసి గ్రూపుల్లో పెట్టే తొందర వద్దు. ఆ కుటుంబానికి చెప్పి, గైడును వెంటబెట్టుకుని కలెక్టరునో, ఆర్డీఓనో కలవండి.

5. రెండు పేజీలు తెలుగులో రాయండి

మార్కుల కోసం యూనివర్సిటీ అడిగిన పద్ధతిలో బైండింగు చేయించుకోండి, అది ఎలాగూ తప్పదు. దాంతోపాటు రెండు పేజీల తెలుగు నోటు ఒకటి తయారుచేయండి. ఏ సమస్య, ఎన్ని ఇళ్ళు, ఏ ఆఫీసు ఏం చేస్తే తీరుతుంది అన్నది మాత్రమే అందులో ఉండాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడ ఇచ్చి రసీదు తెచ్చుకోండి.

దానికి ముందు కాలనీకి వెళ్ళి ఆ నోటు అందరికీ చదివి వినిపించండి. నేను చదివినప్పుడు ఆ పెద్దమ్మే ఆపి, "చివర రెండిళ్ళు వదిలేసినావే" అంది. అవి రోడ్డు అవతల చెట్ల చాటున ఉన్నాయి. రెండింట్లోనూ ఒక్కరికి కూడా ఆధార్ లేదు.