నాన్న రైఫిల్‌కి తుప్పు పట్టకుండా

మా ఇంట్లో రైఫిల్ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి వెళ్లాలంటే బోల్ట్, అంటే గొట్టాన్ని వెనక నుంచి మూసే కడ్డీ, తెరిచే ఇవ్వాలి. అందుకునేవాళ్లు కూడా తెరిచి ఉందని కళ్లతో చూసుకున్నాకే పట్టుకోవాలి. నాన్న పెట్టిన పద్ధతి అది. ఆయన మెదక్ వైపు పశువుల డాక్టరుగా చేసేవారు. ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ ఆయనది. 1968లో, నాకు పన్నెండేళ్లప్పుడు, నర్సాపూర్ అడవి అంచున ఒక రైతు జొన్నచేలో మంచె ఎక్కించి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. అర్ధరాత్రి దాటాక పందుల గుంపు వచ్చింది. వెన్నెల్లో స్పష్టంగా కనిపిస్తున్నాయి. నాన్న గురి పెట్టి, చాలాసేపు చూసి, తుపాకీ దించేశారు. పందుల వెనకాల దూరంగా కాపలా గుడిసె ఉందట, నాకు కనిపించలేదు. ఆ రాత్రి ఒక్క తూటా పేలకుండానే ఇంటికొచ్చాం. షికారు అంటే నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ రాత్రే.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక నాన్న వేట మానేశారు. రైఫిల్ మీద ఇష్టం మాత్రం పోలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం చాప పరిచి దాన్ని విప్పి తుడిచేవారు. ఆయన పోయాక ముప్పై ఏళ్లుగా ఆ పని నేను చేస్తున్నాను, ఇప్పుడు సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో మా ఇంటి వెనక గదిలో. తండ్రుల తుపాకీలు చేతికొచ్చిన కుర్రవాళ్లు ఏం చెయ్యాలో తెలియక నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకి చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

శుభ్రం చెయ్యడం కన్నా ముందు కాగితాలు. లైసెన్సు ఉన్న మనిషి పోయిన రోజు నుంచి ఆ తుపాకీని ఇంట్లో ఉంచుకునే హక్కు మిగతావాళ్లకి లేదు. దినాలు అయ్యాక చూద్దాంలే అనుకోకండి. ఆలస్యం చెయ్యకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. రసీదులో తుపాకీ నంబరు, తూటాల సంఖ్య ఉన్నాయో లేదో అక్కడే చదువుకోండి. తర్వాత మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల సర్టిఫికెట్, తోబుట్టువుల దగ్గర అభ్యంతరం లేదన్న పత్రం పెట్టుకుని మీ పేరు మీద లైసెన్సుకి దరఖాస్తు చేసుకోవాలి. నగరంలో ఇచ్చేది పోలీస్ కమిషనర్. సేఫ్టీ శిక్షణ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. దాన్ని లాంఛనంగా తీసుకోకుండా శ్రద్ధగా నేర్చుకోండి.

ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకీలే. అంతకు ముందు మూడు ఉండేవి. అప్పటికి నా దగ్గర మూడుండేవి: నాన్న .315, తాతయ్య పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీ, నేను జీతం కూడబెట్టి కొనుక్కున్న .22. ఏది వదులుకోవాలో తేలక రెండు నెలలు నిద్ర సరిగ్గా పట్టలేదు. డబ్బు లెక్క చూస్తే తాతయ్య తుపాకీయే పోవాలి, దానికి పెద్దగా ధర లేదు. కానీ డబ్బు పెడితే మళ్లీ దొరికేది .22 ఒక్కటే. అందుకే దాన్ని లైసెన్సున్న డీలరుకి ఇచ్చేశాను. మీకూ ఆ పరిస్థితి వస్తే మళ్లీ దొరకని దాన్నే ఉంచుకోండి.

ఇక శుభ్రం చెయ్యడం. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు, బీరువాలో పెట్టి తాళం వేసి రండి. గొట్టం మూతి మనుషులు లేని వైపు ఉంచి, తూటాలు నింపే మ్యాగజీన్ తీసి, బోల్ట్ తెరిచి, ఛాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే గదిలోకి, చూడండి. చూశాక చిటికెన వేలు కూడా పెట్టి తడమండి. కళ్లు మోసం చేస్తాయి, వేలు చెయ్యదు. .315కి మూలం బ్రిటిష్ సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కాబట్టి, బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి లాగి దాని తలని పైకి తిప్పితే బయటికి వచ్చేస్తుంది. బోల్ట్ మీది నంబరూ, రైఫిల్ బాడీ మీది నంబరూ ఒకటేనా అని ఒక్కసారి చూసుకోండి. ఒక రైఫిల్ బోల్ట్ ఇంకోదానికి పడుతుంది గానీ, తూటా కూర్చునే సందు కొలత మారిపోతుంది. నంబర్లు కలవకపోతే తుపాకీలు బాగుచేసే గన్‌స్మిత్‌కి చూపించేదాకా పేల్చకండి.

గొట్టాన్ని ఎప్పుడూ వెనక నుంచి, అంటే ఛాంబర్ వైపు నుంచే తుడవాలి. మూతి వైపు నుంచి తుడిచే రాడ్ దూరిస్తే అంచు కొద్దికొద్దిగా అరిగిపోతుంది. తూటా గొట్టాన్ని వదిలే చివరి చోటు ఆ అంచే. అది ఒక పక్క అరిగితే గురి పోతుంది, ఎంత తుడిచినా తిరిగి రాదు. వెనక నుంచి రాడ్ పట్టని తుపాకీ అయితే గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగే పుల్‌త్రూ తాడు వాడండి, దాన్ని కూడా నిటారుగా లాగాలి, అంచుకి రాసుకోనివ్వకూడదు.

చిన్నప్పుడు నాకు అర్థం కాని పని ఒకటి ఉండేది. వేట నుంచి వచ్చిన రాత్రి నాన్న ఎంత అలసిపోయినా అమ్మ చేత నీళ్లు మరిగించి, గరాటు పెట్టి, గొట్టంలో పోసేవారు. ఇనుములో నీళ్లేమిటి అనుకునేవాణ్ని. కారణం పెద్దయ్యాక తెలిసింది. పాతకాలం తూటాల ప్రైమర్‌లో, అంటే మందుని అంటించే అడుగు మూతలో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక గొట్టంలో మిగిలేది పొటాషియం క్లోరైడ్, వంటింటి ఉప్పుకి చుట్టం లాంటిది. అది గాలిలోని తేమని లాక్కుంటుంది. నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. నూనె ఎంత పూసినా కింద ఉప్పు ఉంటే తుప్పు దాని పని అది చేసుకుంటూ పోతుంది. మీ దగ్గరున్న తూటాల ప్రైమర్ ఏదో తెలియకపోతే ఉప్పుదే అనుకుని కడగండి. బోల్ట్ తీసేసి, మూతి కింద బకెట్ పెట్టి, కాగే నీళ్లు లీటరు దాకా పొయ్యండి, కొయ్య మీద పడనివ్వకండి. గొట్టం కాలుతుంది, గుడ్డతో పట్టుకోండి. ఆ వేడికే తడి ఆరిపోతుంది. తర్వాత పొడి ఫ్లానెల్ ముక్కలు తెల్లగా బయటికి వచ్చేదాకా తోసి, చివర్లో ఒక్క ముక్కకి సన్నటి మినరల్ నూనె అద్ది లోపలంతా పుయ్యండి. గుడ్డకి నీలి ఆకుపచ్చ రంగు అంటుతుంటే అది తూటా వదిలిన రాగి. దాన్ని కరిగించడానికి వేరే సాల్వెంట్ ద్రవం ఉంటుంది, కిటికీలు తెరిచి వాడండి. మళ్లీ పేల్చే ముందు గొట్టంలో నూనె తుడిచేయడం మర్చిపోకండి.

కొబ్బరి నూనె మాత్రం వద్దు. తాతయ్య తుపాకీకి పాలేరు ఏళ్ల తరబడి అదే పూశాడట. డిసెంబరు చలికి గడ్డకట్టి, ఎండాకాలం దుమ్ము పట్టి, లోపలి భాగాల్లో బంకలా తయారైంది. వంటనూనెలన్నీ అంతే. ఏమీ లేకపోతే కుట్టుమిషన్ నూనె నయం.

కొయ్యకి అవిసె గింజల నూనె. నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, వేడి పుట్టేదాకా రుద్ది, మిగిలింది తుడిచేయండి. ఎక్కువ పూస్తే జిడ్డుగా మిగులుతుంది. తుడిచిన గుడ్డని ఉండ చేసి మూల పడెయ్యకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో వేడి పోయే దారి లేక గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. నేను బయట తీగ మీద విడిగా ఆరేసి, ఆరాకే పారేస్తాను.

మన ఊళ్లో అసలు పరీక్ష జూన్ నుంచి సెప్టెంబరు దాకా. చూడ్డానికి అందంగా ఉందని తోలు కేసులో పెట్టి అటక మీద దాచేస్తారు. రైఫిల్‌ని పాడుచెయ్యడానికి అంతకన్నా మంచి దారి లేదు. తోలు తేమని పీల్చుకుని పట్టుకుంటుంది, పదును చేసేటప్పుడు వాడిన రసాయనాలు కూడా అందులో ఉంటాయి. కేసు ప్రయాణానికే. ఇంట్లో తాళం ఉన్న ఉక్కు బీరువాలో, మూతి కిందకి ఉండేలా నిలబెట్టండి, నూనె జారి కొయ్యలోకి దిగకుండా ఉంటుంది. పక్కన సిలికా జెల్ డబ్బా పెట్టండి. నీలం రంగు గింజలు గులాబీకి మారితే నీళ్లు తాగేశాయని అర్థం, వాటిని ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. తూటాలని కూడా తోలు బెల్టులో గుచ్చి ఉంచకండి. ఇత్తడికి చిలుము పడుతుంది. చిలుము పట్టిన తూటా, ఉబ్బిన కాగితం తూటా పేల్చకూడదు, డీలరుకి అప్పగించండి.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకీలు డిపాజిట్ చెయ్యమంటారు. ఒకసారి అలా ఇచ్చి తెచ్చుకునేసరికి నాన్న రైఫిల్ గొట్టం మీద నాలుగు వేళ్ల అచ్చులు తుప్పుగా లేచి ఉన్నాయి. ఎవరో చెమట చేత్తో పట్టుకుని అలాగే పెట్టేశారు. ఆ రోజు అన్నం సయించలేదు. అప్పటి నుంచి ఇచ్చే ముందు గొట్టానికి బయటా లోపలా మందంగా గ్రీజు పూసి, మైనపు కాగితం చుట్టి, నాలుగు వైపులా ఫొటోలు తీసి ఇస్తున్నాను. ఆ తుప్పుని ఇసుక కాగితంతో రుద్దలేదు. అన్నిటికన్నా సన్నటి ఉక్కు పీచుని, నాలుగు సున్నాల రకాన్ని, నూనెలో ముంచి, వేలి కొనతో మెల్లగా తిప్పుతూ మూడు రోజులు తీశాను. మచ్చ ఇంకా ఉంది. కొత్తగా రంగు వేయిస్తే పోతుంది గానీ దాంతో పాటు నాన్న చేతి కింద అరిగిన నునుపు కూడా పోతుంది. అందుకే వేయించలేదు, మీరూ వేయించకండి.

పాత జంట గొట్టాల తుపాకీ ఉన్నవాళ్లు ఇంకో మాట వినాలి. గొట్టం మీద నీటి అలల్లాంటి గీతలు కనిపిస్తే అది ఇనుప, ఉక్కు పట్టీలని మెలిపెట్టి అతికిన డమాస్కస్ గొట్టం. ఇప్పటి తూటాల ఒత్తిడికి అది చిట్లిపోవచ్చు. గీతలు లేకపోయినా ఛాంబర్ రెండున్నర అంగుళాలదైతే రెండుముప్పావు అంగుళాల తూటా పెట్టకూడదు. తాతయ్య తుపాకీ గీతలదే. నేను దాన్ని ఒక్కసారీ పేల్చలేదు, తుడుస్తాను అంతే.

వేట కోరిక ఎక్కడికి పోతుంది అని అడుగుతారు. నాది గురి వైపు మళ్లింది. .177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు), గుండు బయటికి వచ్చే శక్తి 20 జౌల్స్ లోపు ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల దూరంలో పెట్టే టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. దాన్ని కొట్టాలంటే మంచె మీద ఊపిరి బిగబట్టి కూర్చోవడం కన్నా ఎక్కువ ఓపిక కావాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ పోటీలోనే. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరున్న షూటింగ్ రేంజ్‌లో పిల్లల్ని చూస్తే మీకే తెలుస్తుంది. ఎయిర్ గన్ కదా అని పావురాల మీద, కొంగల మీద గురి పెట్టడం మాత్రం నేను సహించను. అడవి జంతువుల్ని చూడాలనిపిస్తే వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలికి బైనాక్యులర్స్ తీసుకుని వెళతాను. ఒకప్పుడు నిజాం షికారు చేసిన నేల అది, ఇప్పుడు కృష్ణజింకలు తిరుగుతాయి.

రెండు తుపాకీలతో సేకరణ ఆగిపోతుందనుకోకండి. సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో సగం రోజు గడపండి, శుక్రవారం సెలవు. చెక్కుడు పనిని కాసేపు పక్కన పెట్టి, నిప్పు పుట్టించే చోటు చూడండి. కాలే తాడుతో మందు అంటించే తుపాకీకీ, చెకుముకి రాయితో అంటించేదానికీ తేడా పట్టుకోగలిగితే మిగతా గది అంతా మీతో మాట్లాడుతుంది.

చివరిగా ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, పేల్చిన తూటాలు, మిగిలినవి, గొట్టం లోపలి పరిస్థితి, వాడిన నూనె, లైసెన్సు గడువు. గడువు ఇప్పుడు అయిదేళ్లు కాబట్టి మర్చిపోవడం తేలిక, నేను దాన్ని మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాస్తాను. నాన్న పుస్తకం నీలం అట్టది. అందులో నర్సాపూర్ రాత్రి గురించి ఒకే వరుస ఉంది: "తూటాలు 0. గొట్టం శుభ్రం. అబ్బాయి నిద్రపోలేదు."