పాత కారు ఐడిలింగ్‌లో రేస్ పడిపోతుంటే

అలిపిరి తనిఖీ దగ్గర ఏసీ వేసుకుని క్యూలో కదులుతున్నప్పుడే, ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) రేస్, అంటే ఇంజిన్ తిరిగే వేగం, పడిపోయే ఈ జబ్బు బయటపడుతుంది. పెట్రోలు ఇంజిన్ వేడెక్కాక సాధారణంగా 650–850 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మధ్య నిలకడగా తిరగాలి. ఏసీ వేస్తే ఇంజిన్ కంప్యూటరే కొంచెం పెంచుతుంది. ఆర్‌పీఎం ముల్లు 550కి జారి స్టీరింగ్ వణుకుతున్నా, క్లచ్ తొక్కగానే బండి ఆగిపోతున్నా ఊరుకోకూడదు.

ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని అదుపుచేసే థ్రాటిల్ దగ్గరి స్టాప్ స్క్రూ తిప్పి రేస్ పెంచమని మాత్రం ఎవరికీ చెప్పకండి. అది కార్బురేటర్ కాలపు వైద్యం. కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ బండిలో ఆ స్క్రూ కదిలితే, పెడల్ పూర్తిగా వదిలినట్టు కంప్యూటర్‌కు తెలియకుండా పోవచ్చు. కొన్న బండిలో ఆ స్క్రూ మీద పెయింట్ చెదిరి ఉంటే, ముందు ఓనరు అదే చేయించాడని అనుమానించాల్సిందే.

ముందు ఇంజిన్‌ను రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగేదాకా వేడెక్కనివ్వండి. అన్నీ ఆపి ఆర్‌పీఎం చూడండి. తర్వాత ఒక్కొక్కటిగా హెడ్‌లైట్లు, ఏసీ వేయండి, స్టీరింగ్ చివరిదాకా తిప్పండి. లోడ్ పడినప్పుడే రేస్ పడిపోతే మల్టీమీటర్‌తో బ్యాటరీ చూడండి: నడుస్తున్న ఇంజిన్‌లో 13.5–14.5 వోల్టులు రావాలి. 13 కంటే తగ్గితే ఆల్టర్నేటర్, బెల్టు చూడాలి. వోల్టేజి బాగుంటే, లేదా లోడ్ లేకుండానే రేస్ తక్కువుంటే, మొదటి అనుమానం థ్రాటిల్ బాడీ మీదే.

ఐడిలింగ్‌లో గాలి వెళ్ళేది థ్రాటిల్ లోపల తెరుచుకుని మూసుకునే బటర్‌ఫ్లై రేకు అంచు పక్కన ఉండే సన్నని సందులోంచి. ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేసు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి, దుమ్ము కలిసి అక్కడ నల్లటి వలయంలా పేరుకుంటాయి. ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, గాలి గొట్టం క్లాంపు వదులు చేయండి. థ్రాటిల్ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి బటర్‌ఫ్లై అంచు, గొట్టం లోపలి గోడ తుడవండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లోకి నేరుగా ధారగా కొడితే మోటారులోకి దిగుతుంది. ఆ రేకును బలంగా నెట్టకూడదు కూడా. కేబుల్ థ్రాటిల్ బండ్లలో విడిగా ఉండే ఐడిల్ వాల్వ్‌నూ విప్పి తుడవాలి, దాని ఓ-రింగు గట్టిపడి ఉంటే మార్చాలి.

శుభ్రం చేశాక రేస్ ఒక్కసారిగా 1,500కి ఎక్కితే కంగారు పడక్కర్లేదు, మురికికి అలవాటుపడిన లెక్కతోనే కంప్యూటర్ ఇంకా తెరుస్తోంది. యాక్సిలరేటర్ తొక్కకుండా స్టార్ట్ చేసి పది నిమిషాలు, ఏసీ వేసి మరో ఐదు నిమిషాలు వదిలేయండి. కొన్ని మోడళ్లకు స్కానర్‌తో (కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) రీసెట్ తప్పదు.

అయినా తగ్గకపోతే స్కానర్ పెట్టండి. పి0506 కోడ్ అంటే రేస్ ఉండాల్సినదానికంటే తక్కువుందని మాత్రమే, కారణం చెప్పదు. పి0301 నుంచి పి0304 వరకు వస్తే చివరి అంకె నంబరు సిలిండర్ సరిగా మండటం లేదు. దాని ఇగ్నిషన్ కాయిల్‌ను పక్కదానికి మార్చి చూడండి: కోడ్ కూడా జరిగితే కాయిల్ పోయింది, జరగకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ (సిలిండర్‌లోని పీడనం) వరుసగా చూడాలి. పెట్రోలు కొట్టించిన వెంటనే మాత్రమే ఇబ్బంది వస్తుంటే ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌కు పంపే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయి ఉండొచ్చు. రబ్బరు గొట్టాలు ఎండకు, ఇంజిన్ వేడికి పగిలితే లెక్కలో లేని గాలి లోపలికి లీకవుతుంది. బుస్సుమనే శబ్దం వినిపిస్తే ఇంజిన్ వాక్యూమ్‌తో బ్రేకును తేలిక చేసే బ్రేక్ బూస్టర్ గొట్టంతో మొదలుపెట్టండి. లీకు వెతకడానికి వేడి ఇంజిన్ మీద పెట్రోలు చల్లే పద్ధతి ఒకటుంది, దాని జోలికి పోవద్దు.

కంప్రెషన్ ఒక సిలిండర్‌లో బాగా తక్కువుంటే పై పనులేవీ పనికిరావు. వాల్వులు, రింగుల ఖర్చు బండి ధరతో పోల్చుకుని నిర్ణయించుకోవాలి.

ఇది సరిచేయకుండా తిరుమల వెళ్ళొద్దు. దిగేటప్పుడు గేరులో ఉన్నంతసేపు చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. మలుపులో క్లచ్ తొక్కిన క్షణాన అది ఆగిపోతే, ఒకటి రెండు తొక్కుల తర్వాత బూస్టర్‌లో వాక్యూమ్ అయిపోయి బ్రేక్ పెడల్ రాయిలా బిగుస్తుంది, పవర్ స్టీరింగూ బరువెక్కుతుంది. కింద ఖాళీ రోడ్డు మీదే ఏసీ వేసి, క్లచ్ తొక్కి, బ్రేకు వేసి పలుమార్లు ఆపి చూడండి. ఒక్కసారి ఆగిపోయినా బండి ఇంకా బాగుపడనట్టే.