తిరుగు బండి ముందుగాల చూడండి: కారు లేకుండ కోమో సరస్సు

నల్లగొండ డిపోల ముప్పై ఒక్క ఏండ్లు కండక్టర్‌గ చేసి రిటైరైన. మా కొడుకు ఇటలీ దేశంల మిలాన్‌ల ఉద్యోగం చేస్తడు. పోయినేడు మే నెలల నన్నూ మా ఆమెనూ పిలిపించుకున్నడు. "నాయినా, కారు కిరాయికి తీసుకుందాం, కోమో సరస్సు చూపిస్త" అన్నడు. తీరా ఆ రోజు పొద్దుగాల ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. వాడు రాలె, కారూ రాలె. మేమిద్దరమే పోయినం. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు పోయినం, కారు ముచ్చట మళ్ల ఎవరం ఎత్తలె. ఊరికొచ్చినంక గడియారం సెంటర్ల చాయ్ కాడ అడిగినోళ్లందరికీ చెప్పి చెప్పి నోరు నొచ్చి, ఇగ రాసి పెడుతున్న.

కారు ఎందుకొద్దంటె, అక్కడ బండ్లు రోడ్డుకు కుడి దిక్కున నడుస్తయి. మన లైసెన్సొక్కటి సరిపోదు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గూడ చేతిల ఉండాలె. పాత ఊర్లల్ల జెడ్.టి.ఎల్. అని బోర్డు పెట్టి ఉంటది. పర్మిషన్ లేని బండి ఆ బోర్డు దాటితె కెమెరా నంబర్ పట్టుకుంటది, జుర్మానా కాయితం కొన్ని నెలలకు ఇంటికొస్తది. ఇగ సరస్సు పక్కపొంటి రోడ్డు చూస్తిరా, ఒక దిక్కు గుట్ట, ఒక దిక్కు గోడ. మన్ననూరు దాటినంక శ్రీశైలం ఘాట్ల రెండు బస్సులు ఎదురైతె ఎట్లుంటదో, అక్కడ రోజంత అట్లనే. కారు తీస్కపోయినోడు చూసేది ముందటి బండి వెనుక లైట్లు, వెతికేది పార్కింగు. నీళ్లు చూసేది మనం.

ఇటలీ ఉత్తరాన పెద్ద సరస్సులు మూడు చెప్తరు. గార్డా అన్నిటికంటె పెద్దది, 370 చదరపు కిలోమీటర్లు. దానికి దెసెంజానో, పెస్కియేరా స్టేషన్లల్ల దిగాలె. మజ్జోరేకు స్ట్రేజా స్టేషన్. కోమో 146 చదరపు కిలోమీటర్లే గని లోతు 400 మీటర్లు దాటుతది. మన నాగార్జునసాగర్ కట్ట ఎత్తు 124 మీటర్లు. అసొంటి కట్టలు మూడు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా మునుగుతయన్న మాట. ఈ లెక్క చెప్తె మా ఆమె బోటు అంచు కాడి నుంచి లేసి నడిమిట్లకు వచ్చి కూసున్నది.

కోమో సరస్సు అంటె కోమో ఊరికే పోవాలనుకుంటరు. అక్కడనే పొరపాటు. పిల్లలు పిట్టలు కొట్టే పంగలకర్ర ఉంటది గదా, దాన్ని తలకిందులు చేసి పట్టుకుంటె అదే ఈ సరస్సు. ఒక కాలు కొసకు కోమో, ఇంకో కాలు కొసకు లెక్కో, రెండు కాళ్లు కలిసే కాడ బెల్లాజో. అసలు అందం ఆ పంగ కాడ ఉన్నది. కోమో నుంచి అక్కడికి మెల్లగ పోయే బోటుల పోతె రెండు గంటలు పడుతది. అందుకే మీరు కోమో టికెట్ కొనకండి, వరెన్న టికెట్ కొనండి. వరెన్న నుంచి బెల్లాజో ఎదురుంగనే కనపడుతది, బోటుల పావుగంట.

మిలాన్ సెంట్రల్ స్టేషన్‌ల 24 ప్లాట్‌ఫారాలున్నయి. బోర్డు మీద వరెన్న అని వెతికితె దొరకదు, ఎందుకంటె బోర్డు మీద ఆఖరు ఊరే రాస్తరు. మన దిక్కు నడుమ ఉన్న మాల్ ఊరికి పోయేటోడు దేవరకొండ బస్సు ఎక్కినట్టే. తిరానో గని, సోంద్రియో గని అని ఉన్న బండి చూడాలె. స్టేషన్ పూర్తి పేరు వరెన్న-ఎజీనో-పెర్లెడో. గంటకు కొంచెం ఎక్కువ ప్రయాణం. దాదాపు గంటకొక బండి ఉంటది. టికెట్ ఏడెనిమిది యూరోలు, సీటు నంబర్లుండయి, ఎక్కినోడిదే సీటు. ఎడమ దిక్కు కిటికి పట్టండి. లెక్కో దాటంగనే నీళ్లు ఆ దిక్కే వస్తయి, ఆ తర్వాత సొరంగం, నీళ్లు, సొరంగం, నీళ్లు. స్టేషన్ల జేబుదొంగలుంటరు, బ్యాగు ముందటికి వేసుకోండి.

కాయితం టికెట్ కొంటె బండి ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీద గోడకుండే చిన్న మిషన్‌ల పెట్టాలె, కర్రుమని తారీఖు, టైం కొడుతది. అది కొట్టకపోతె టికెట్ ఉన్నా లేనట్టే. కొన్ని యాప్ టికెట్లకు ఎక్కేముందు ఫోన్ల చెక్-ఇన్ నొక్కాలె. మొదటిసారి నేను రెండు టికెట్లు జేబుల పెట్టుకొని దర్జాగ కూసున్న. మోంజా దాటినంక చెకింగ్ ఆమె వచ్చింది. టికెట్ తిప్పి చూసింది, నా మొకం చూసింది, మళ్ల టికెట్ చూసింది. నాకు చెమటలు బట్టినయి. ఇన్నేండ్ల సర్వీసుల చెకింగోళ్లు బస్సెక్కితె భయపడింది టిమ్ (టికెట్లు కొట్టే) మిషన్ లెక్క కోసమే గని, ప్యాసింజర్‌గ దొరుకుడు అదే మొదలు. ఆ తల్లి మా వయసు చూసి పెన్ను తీసి టికెట్ మీద టైం రాసి ఇచ్చింది. అందరు అట్ల ఇడువరు, జుర్మానా వేస్తరు. మా ఆమె వరెన్న దాక నవ్వుకుంటనే ఉన్నది. "ముప్పై ఏండ్లు మందికి టికెట్లు గొట్టినవ్, నీ టికెట్‌కు కొట్టుకోలేకపోయినవ్" అని.

వరెన్నల దిగి పది నిమిషాలు కిందికి నడిస్తె రేవు. దిగుడు సులువే, సాయంత్రం ఎక్కుడు గుర్తుపెట్టుకోండి. మోకాళ్ల నొప్పులున్నోళ్లు బండి టైమ్‌కు పావుగంట ముందే మొదలుపెట్టాలె. చక్రాల సూట్‌కేసు తెచ్చుకోకండి, అంత రాళ్ల బాట, మెట్లు.

ఇగ బోట్లు. మూడు రకాలు, ఆర్టీసీ భాషల చెప్త. ఊరూరికి ఆగుకుంట మెల్లగ పోయేది బత్తెల్లో, అది పల్లె వెలుగు. కార్లెక్కించుకొని నడుమ ఊర్ల మధ్యల తిరిగేది ట్రాగెట్టో. వరెన్న, బెల్లాజో, మెనాజ్జో, కదెనాబ్బియా, ఈ నాలుగు రేవులే దానికి స్టేజీలు. నడిచి వచ్చినోళ్లను గూడ ఎక్కించుకుంటది. మూడోది రాపిదో, సూపర్ లగ్జరీ లెక్క చార్జి ఎక్కువ, ఉరుకుతది, గని లోపల కూసొని అద్దాలల్ల నుంచే చూడాలె. తొందర లేనోళ్లకు ట్రాగెట్టో మంచిది. నాలుగైదు యూరోలు, పై అంతస్తుల నిలబడితె నాలుగు దిక్కులా గుట్టలు. నడిమి ఊర్లన్ని రోజంత తిరిగేతందుకు ఒక్కటే పాసు గూడ ఇస్తరు, మూడు బోట్లు ఎక్కేటట్టుంటె లెక్క చూసి అది తీసుకోండి. పోవుడుకు అందాతా, పోయి వచ్చుడుకు అందాతా ఎ రితోర్నో అనాలె. బెల్లాజోల ట్రాగెట్టో రేవు వేరు, మిగిలిన బోట్ల రేవు వేరు, కొంచెం దూరం. దిగినప్పుడే ఎక్కడ దిగినమో చూసుకోండి.

బోటు ఆగుడు ఒకసారి దగ్గర నుంచి చూసిన. ఒక పిలగాడు తాడు ఉండ విసిరిండు, అది గుంజకు పడ్డది, రెండు చుట్లు తిప్పిండు, పలక దించిండు, మంది దిగిన్రు, మంది ఎక్కిన్రు, పలక లేపిండు. "రైట్ రైట్" అనుడు ఒక్కటే తక్కువ. మన ఆటోల లెక్క నిండేదాక ఆగుడు లేదు. టైమయితె పోతది, మీరు రేవు మీద ఉరుకుతున్నా పోతది.

బెల్లాజో మెట్ల ఊరు. సెర్బెల్లోని మెట్ల సందు అని ఫోటోలల్ల కనపడేది అదే, పైకెక్కితె దుకాణాలు తప్ప ఏం లేవు, నా మాటినండి. దాని బదులు ఊరి కొసకు నడిస్తె పుంతా స్పార్తివెంతో అని మూల ఉంటది, పంగ సరిగ్గ అక్కడనే చీలుతది. మూడు దిక్కుల నీళ్లు. మేం అక్కడనే కూసొని పులిహోర తిన్నం. సాయంత్రానికి వరెన్నకు మళ్లి రండి. నీళ్ల మీదికి గుట్టను ఆనుకొని ఇనుప వంతెన బాట ఉన్నది, మెట్లు తక్కువ, మా ఆమెకు సరస్సు మొత్తంల నచ్చింది అదొక్కటే అంటె అబద్ధం కాదు. విల్లా మొనాస్టేరో తోట గూడ వరెన్నలనే, టికెట్ పెట్టి చూడొచ్చు.

తిండి కాడ ఒక విచిత్రం చెప్పాలె. వరెన్నల ఒక చిన్న హోటల్ల పోలెంతా అని రాసి ఉంటె ఏందో చూద్దామని చెప్పినం. పళ్లెంల పసుపు పచ్చగ, ఆవిరి లేస్తున్న ముద్ద వచ్చింది. మా ఆమె చెంచాతోని ఇంత తీసి నోట్ల పెట్టుకొని "ఇది మక్క గట్క గదయ్యా" అన్నది. నిజంగ గట్కనే, మక్కపిండి ఉడకబెట్టింది. దాని పక్కన మిస్సోల్తీని, అంటె ఆ సరస్సుల దొరికే అగోనె చేపను ఉప్పు పెట్టి ఎండకు ఎండబెట్టి, డబ్బాలల్ల అదిమి దాచి, తర్వాత కాల్చింది. ఎండుచాప, గట్క! వాసనకే సాగర్ యాదికొచ్చింది. బిల్లుల "కొపెర్తో" అని మనిషికి కొంత పడుతది, అది కూసున్నందుకు. కొట్లాడకండి. కాఫీ మాత్రం కౌంటర్ కాడ నిలబడి తాగండి, టేబుల్ కాడ కూసుంటె రేటు ఎక్కువుండొచ్చు. ఆ కాఫీ మీదనే బాత్రూం గూడ వాడుకోవచ్చు.

అన్నిటికంటె పెద్ద సంగతి టైంటేబుల్. డ్యూటీల మొదలు నేర్చుకున్నది, ఆఖరి ట్రిప్పు ఎప్పుడని చూసుకునుడు. ఇక్కడ గూడ అదే. పొద్దుగాల మిలాన్‌ల బండి ఎక్కకముందే రాత్రి వరెన్న నుంచి మిలాన్‌కు ఆఖరి బండి ఎప్పుడు, దాని ముందరి బండి ఎప్పుడు, ఆ ముందరి బండికి అందేటట్టు బెల్లాజో నుంచి ఏ బోటు ఎక్కాలె, ఇట్ల వెనుక నుంచి ముందుకు రాసుకోండి. ఆఖరి బండిని నమ్ముకోకండి, దాన్ని చేతుల ఉంచుకోండి. లెక్కో నుంచి కోలికో దాక సింగిల్ లైను. మన బీబీనగర్-నడికుడి లైన్ల క్రాసింగ్ కోసం ఎన్నిసార్లు ఆగినమో మీకు ఎరికే, అక్కడ గూడ ఒక బండి లేటయితె ఎదురు బండి లేటవుతది. బోర్డు మీద రితార్దో అంటె లేటు, పక్కన నిమిషాలు రాస్తరు. బినారియో అంటె ప్లాట్‌ఫారం. గోడ మీది పసుపు కాయితం పోయే బండ్లది, తెల్లది వచ్చే బండ్లది. ఇరవై నాలుగు గంటల టైము మనకు కొత్త గాదు.

ఇంత తెలిసిన నేనే మూడోసారి మెనాజ్జోల బోల్తా పడ్డ. ఆ రోజు ఆదివారం. బోటు దిగి, అక్కడ నుంచి కోమోకు బస్సుల పోయి, కోమోల బండెక్కి మిలాన్ పోదామని ప్లాను. సి-10 బస్సు. స్టాపు కాడ కాయితం చదివిన, ఇంకో పది నిమిషాలకు బస్సు. అరగంటయింది, రాలె. ముప్పావు గంటయింది. బెంచీ మీద కూసున్న ముసలాయన లేసి వచ్చి, నేను చదివిన గడి పైన వేలు పెట్టిండు: "ఫెరియాలె". తల అడ్డంగ ఊపిండు. పక్క గడి మీద పెట్టిండు: "ఫెస్తీవో". అందుల సగం బస్సులు గూడ లేవు. ఫెరియాలె అంటె పని రోజులు, శనివారం గూడ అందులనే. ఫెస్తీవో అంటె ఆదివారం, పండుగలు. ముప్పై ఏండ్లు "ఆదివారం ఈ సర్వీసు లేదమ్మా" అని ప్యాసింజర్లకు చెప్పినోన్ని, నాకు ముసలాయన చెప్పవలసి వచ్చింది. అయినా మొదలే వరెన్న తిరుగు బండి రాసుకొని ఉంటిని గనుక భయం కాలె. ఎదురుంగ ట్రాగెట్టో వస్తుండె, ఎక్కినం.

బస్సు ఎక్కేటోళ్లకు ఒక మాట. బస్సుల కండక్టరుండడు. చూస్తుంటె నా కడుపు తరుక్కుపోయింది. టికెట్ ముందుగాలనే తబక్కీ దుకాణంల, అంటె బయట పెద్ద "టి" అక్షరం బోర్డున్న పొగాకు దుకాణంల కొనుక్కొని, ఎక్కంగనే మిషన్‌ల కొట్టుకోవాలె. ఆదివారం ఆ దుకాణం మూసి ఉండొచ్చు, శనివారమే కొనండి. కోమో నుంచి బెల్లాజోకు సి-30 బస్సున్నది, గంట దాటుతది, మలుపులకు వాంతులయ్యేటోళ్లు ఎక్కకండి.

షోపెరో అంటె సమ్మె. ముందే తారీఖు చెప్పి చేస్తరు, ఫోన్ల ఒకసారి ఆ మాట కొట్టి చూసుకోండి. సమ్మె రోజు గూడ పని రోజులల్ల పొద్దుగాల ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది కొన్ని రైళ్లు నడుపుతరు. 2019ల మా 52 రోజుల సమ్మె చూసినోన్ని, వాళ్ల మీద నాకు కోపం రాలె. ఆ రోజు ఇంట్లనే ఉండి పప్పు వండుకున్నం.

కోమో ఊరు చూడాలంటె దానికి వేరే రోజు పెట్టుకోండి. మిలాన్ కదోర్నా స్టేషన్ నుంచి కోమో లాగో బండెక్కితె సరస్సు ఒడ్డునే దించుతది, గంట దారి. 1894 నుంచి నడుస్తున్న ఫ్యునికులర్, అంటె తాడుతోని గుట్ట మీదికి గుంజే రైలు, నీటి కాడ నుంచి గుట్ట మీది బ్రునాతేకు ఏడు నిమిషాలల్ల ఎక్కిస్తది. కరెంటు బ్యాటరీ కనిపెట్టిన వోల్టా ఈ ఊరాయననే. పట్టుకు పేరున్న ఊరు గూడ. మా ఆమె పుట్టపాక చీర కట్టుకొని పోయింది. అక్కడ నేసిన బట్ట మీద అద్దకం వేస్తరు, మనోళ్లు దారానికే ముడులు కట్టి రంగు వేసి తర్వాత నేస్తరు. దుకాణంల ఆమె కొంగు తిరగేసి చూసి, ఇది రెండు దిక్కులా ఒకే తీరుగ ఎట్లున్నదని సైగలతోని అడిగిన్రు. ఈమె తెలుగులనే పది నిమిషాలు చెప్పింది.

ఖర్చు మనిషికి రైలు, బోటు కలిపి ఇరవై అయిదు యూరోల దాక, యూరోకు వంద రూపాయలనుకుంటె రెండున్నర వేలు. చలికాలం బోట్లు తక్కువ, హోటళ్లు మూస్తరు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ మంచిది, ఆదివారం మాత్రం రేవు కాడ మంది జాతర లెక్క ఉంటరు, పని రోజు చూసుకొని పోండి.

వచ్చేటప్పుడు నీళ్లు కుడి దిక్కు ఉంటయి, కిటికి ఆ దిక్కు పట్టండి. తిరుగు టికెట్‌కు గూడ మిషన్‌ల కొట్టాలె. రెండోసారి వరెన్న ప్లాట్‌ఫారం మీద మా ఆమె నా చేతులకెల్లి టికెట్లు రెండూ గుంజుకొని తానే కొట్టుకొచ్చింది.