కుక్కకాటు: గాయం మానిందని టీకా మానవద్దు

2025 జూన్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లాకు చెందిన యువ కబడ్డీ క్రీడాకారుడు ఒకరు రేబిస్‌తో మరణించారు. అంతకు కొన్ని నెలల ముందు మురుగుకాలువలో పడిన కుక్కపిల్లను కాపాడుతుండగా అది ఆయనను కరిచింది. గాయం చిన్నదే కదా అని ఆయన టీకా వేయించుకోలేదనీ, తరువాత చేయి నొప్పి మొదలైనప్పుడు కూడా ఆటలో తగిలిన దెబ్బే అనుకున్నారనీ వార్తలు వచ్చాయి. బడులు మూసి, పిల్లలు పొద్దస్తమానం వీధుల్లో గడిపే వేసవి సెలవుల ముందు ప్రతి తల్లీ తండ్రీ ఆ ఉదంతాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి.

వీధికుక్కల జోలికి పోవద్దని, పెంపుడు కుక్కకు ఏటా టీకా వేయించాలని అందరికీ తెలుసు. ప్రాణాలు తీస్తున్న తప్పు వేరే ఉంది. గాటు పడిన చోట వాపు లేదు, చీము లేదు, జ్వరం రాలేదు, నాలుగు రోజుల్లో పెచ్చు కట్టి ఊడిపోయింది కాబట్టి గండం గడిచిందని నిశ్చింతగా ఉండిపోవడమే ఆ తప్పు.

వైరస్ పనితీరు తెలిస్తే ఆ నిశ్చింత ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది. మామూలుగా ఒక వైరస్ కణంలోకి చొరబడగానే, దాని జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను కణంలోని కాపలా ప్రోటీన్లు పసిగట్టి ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ తయారయ్యేలా చేస్తాయి. ఆ ఇంటర్‌ఫెరాన్ ఊళ్ళో దండోరా వేసినట్లు చుట్టుపక్కల కణాలన్నిటినీ హెచ్చరిస్తుంది. మనకు తెలిసే జ్వరం, ఒళ్ళునొప్పులు, వాపు చాలావరకు ఇలాంటి హెచ్చరికల ఫలితాలే. రేబిస్ వైరస్‌కు ఉన్నవి ఐదే ప్రోటీన్లు. అయినా వాటిలో పి-ప్రోటీన్ ఒక్కటే ఈ హెచ్చరికను రెండు చోట్ల అడ్డుకుంటుంది. ఇంటర్‌ఫెరాన్ జన్యువును మేల్కొలపవలసిన ఐఆర్‌ఎఫ్-3 అనే కణ ప్రోటీన్‌ను ముందే నిద్రపుచ్చుతుంది. ఒకవేళ కొంత ఇంటర్‌ఫెరాన్ వెలువడినా, ఆ సందేశాన్ని కణకేంద్రకానికి మోసుకుపోయే స్టాట్-1, స్టాట్-2 ప్రోటీన్లను పట్టుకొని లోపలికి పోనివ్వదు. ఎన్-ప్రోటీన్ ఆర్‌ఎన్‌ఏను చుట్టి కప్పి, కాపలాదారుల కంట పడనివ్వదు. పైగా ఈ వైరస్ తాను ఆక్రమించిన నాడీకణాన్ని తొందరపడి చంపదు, ఎందుకంటే కణాలు చస్తే రోగనిరోధక వ్యవస్థకు ఆచూకీ తెలిసిపోతుంది. అలా చప్పుడు లేకుండా నరం వెంట మెదడు దాకా పాకడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి వారమే చాలు, అరుదుగా ఏడాది దాటుతుంది. లక్షణాలు బయటపడ్డాక బతికి బయటపడినవారు అత్యంత అరుదు.

కనుక గాయం మానిందంటే చర్మం మానిందని మాత్రమే అర్థం. లోపల వైరస్ ఉందో లేదో ఆ మచ్చ చెప్పదు.

కరిచిన వెంటనే చేయవలసిన పని కడగడం. కుళాయి ధార కింద సబ్బుతో, గడియారం చూసుకుంటూ పూర్తిగా పదిహేను నిమిషాలు కడగాలి. ఈ వైరస్ పైపొర కొవ్వుతో చేసినది కాబట్టి సబ్బు దాన్ని ఛిద్రం చేస్తుంది; నరంలోకి దూరకముందు దాన్ని మన చేతులతో నాశనం చేయగలిగిన అవకాశం ఇదొక్కటే. పిల్లవాడి వేలి కణుపు మీద ఆవగింజంత గాటు ఉన్నా గోరు సందుల దాకా నురుగు పట్టించి కడగండి.

తరువాత ఆసుపత్రి. రక్తం రాని గీరుడుకు టీకా సరిపోతుంది. పన్ను చర్మంలోకి దిగినా, రక్తం వచ్చినా, కంటిలోనో నోటిలోనో చొంగ పడినా, టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా తప్పనిసరి. టీకా వల్ల మన ఒంట్లో వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు తయారవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ లోటును పూడ్చడానికే బయట తయారైన యాంటీబాడీలను, అంటే ఇమ్యునోగ్లోబులిన్‌ను, గాయం అంచుల్లోకి, లోతుల్లోకి ఎక్కిస్తారు. నొప్పిగా ఉంటుంది. అయినా వద్దనకండి. టీకా ఒక్కటే వేసి పంపేస్తుంటే ఇమ్యునోగ్లోబులిన్ గురించి మీరే అడగండి. ఆ రోజు దొరక్కపోతే మొదటి డోసు వేసిన ఏడో రోజు లోపల ఎక్కడున్నా వెతికి వేయించండి.

కారం, పసుపు, సున్నం, కాఫీ పొడి గాయం మీద వేయవద్దు. పసరు మందు పోయించి ఊరుకోవద్దు. గాయానికి కుట్లు వేయమని తొందరపెట్టవద్దు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లని భయపడవద్దు. ఆ పాత టీకాను ఇరవై ఏళ్ళ క్రితమే ఆపేశారు. ఇప్పుడు చేతికే వేస్తారు, పసిపిల్లలకు తొడకు. పిరుదుకు మాత్రం వేయించుకోకూడదు. మొదటి డోసు రోజును 0గా లెక్కిస్తే, చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కండకు ఇచ్చే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. మూడు డోసులయ్యాక ఏమీ కాలేదని నాలుగోది మానవద్దు. ఏమీ కాకపోవడం రుజువు కాదని పైన చెప్పాను. గర్భిణులు కూడా వేయించుకోవాలి. కుక్కను పది రోజులు గమనించండి, కానీ మీ మొదటి డోసు కరిచిన రోజే పడాలి. కుక్కపిల్లే కదా అనవద్దు. మన ఇంటి కుక్కే కదా అనవద్దు. పిల్లి, కోతి, ముంగిస గీరినా ఇదే వరుస.

ఈ సెలవుల్లో మీ పిల్లలను కూర్చోబెట్టి, ఏ జంతువు గీరినా వెంటనే చెప్పమనండి, చెబితే తిట్టబోమని మాట ఇవ్వండి. నెల క్రితం కరిచిందని ఇవాళ తెలిసినా, మచ్చ కూడా మిగలకపోయినా, ఇవాళే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.