కారు కూలింగ్ సిస్టమ్ – 7వ పాఠం: కూలెంట్ మార్చాక ఇంజిన్ వేడి పెరిగితే

గత పాఠంలో పాత కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) దింపి, నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, కొత్తది పోయడం దాకా వచ్చాం. పోసిన మర్నాడే చాలామందికి ఒక అనుమానం పట్టుకుంటుంది. ఇదివరకు డ్యాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు సగానికి కాస్త కిందే ఉండేది, ఇప్పుడు సగం దాటుతోంది. కడిగితే చల్లబడాలి గానీ ఈ వేడేమిటి? ఆ వెంటనే థర్మోస్టాట్ (వేడిని బట్టి తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) పీకేయమని ఒకరు, వాటర్ పంప్ మార్చమని ఇంకొకరు చెబుతారు. ఇప్పుడే ఏదీ పీకొద్దు, ఏదీ కొనొద్దు. నిన్నటిదాకా తిరిగిన పంపు సరిగ్గా మీరు కూలెంట్ మార్చిన రోజునే పోవడం అరుదు. మనం చెయ్యి పెట్టినవాటినే ముందు అనుమానించాలి: లోపలి ద్రవం, దాంతోపాటు చేరిన గాలి, విప్పి బిగించిన మూత, ఊడదీసిన ఫ్యాన్ కనెక్టర్, బండి కింది ప్లాస్టిక్ షీట్.

ముందు అంకె చూడండి

డ్యాష్‌బోర్డు ముల్లును నమ్మి నిర్ణయాలు చేయకూడదు. చాలా బండ్లలో దాన్ని కావాలనే మొద్దుగా చేస్తారు. ఇంజిన్ 80 దగ్గరున్నా 100 దగ్గరున్నా ముల్లు ఒకేచోట నిలబడి ఉంటుంది, యజమాని కంగారు పడకుండా. అలాంటి బండిలో ముల్లు కదిలిందంటే వేడి అప్పటికే బాగా పెరిగిందన్నమాట. కొన్ని చిన్న కార్లలో అసలు ముల్లే ఉండదు, వేడి మితిమీరాక ఎర్ర దీపం మాత్రం వెలుగుతుంది.

గత పదేళ్ళలో వచ్చిన బండి అయితే స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది. దానికి పెట్టే చిన్న బ్లూటూత్ పరికరం, ఫోన్‌లో ఒక యాప్ ఉంటే చాలు, ఇంజిన్ సెన్సర్ చూస్తున్న వేడి డిగ్రీల్లో కనబడుతుంది. 82 డిగ్రీలకు తెరుచుకునే థర్మోస్టాట్ ఉన్న బండి తెరిపి రోడ్డు మీద 85–95 మధ్య నడుస్తుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఏసీతో నిలబడితే 98–100 దాకా ఎక్కి, ఫ్యాన్ తిరగ్గానే దిగుతుంది. ఎక్కి దిగుతున్నంతసేపు భయం లేదు. 105 దాటి దిగకుండా ఉంటే తప్పు వెతకాలి. 110 దాటితే బండి పక్కకు తీసి ఆపాలి.

పాత రీడింగ్ రాసిపెట్టుకోకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. అందుకే 5వ పాఠంలో కూలెంట్ దింపకముందే మూడు అంకెలు రాసుకోమన్నాం: స్లో రన్నింగ్‌లో, 60 కి.మీ. వేగంలో, ఏసీతో ట్రాఫిక్‌లో. రాసుకోనివారు ఇవాళ్టి నుంచి మొదలుపెట్టండి.

కొంత వేడి సహజమే

మన ప్రాంతంలో చాలా పాత బండ్లు ఏళ్ళ తరబడి ఉత్త నీళ్ళతో నడిచినవే. వేడి మోయడంలో నీటికి సాటి లేదు. సగం కూలెంట్ గాఢద్రవం, సగం నీళ్ళు కలిపితే ఆ మోసే శక్తి ఆరో వంతు దాకా తగ్గుతుంది. కాబట్టి నీళ్ళ నుంచి సగం-సగం మిశ్రమానికి మారిన బండి రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపితే అది జబ్బు కాదు. దానికి బదులుగా తుప్పు నుంచి రక్షణ, ఎక్కువ మరుగు స్థానం దొరుకుతున్నాయి.

అసలు పొరపాటు వేరు. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలనుకుని డబ్బాలోని గాఢద్రవాన్ని నీళ్ళు కలపకుండానే పోసేస్తారు. ఆ గాఢద్రవంలో ప్రధానంగా ఉండే ఎథిలీన్ గ్లైకాల్ ఒక్కటే ఉంటే నీళ్ళకంటే దాదాపు 40 శాతం తక్కువ వేడి మోస్తుంది, పైగా చిక్కగా ఉండి సన్నని గొట్టాల్లో మెల్లగా కదులుతుంది. ఇంజిన్ వేడెక్కడానికి అదొక్కటే చాలు. డబ్బా మీద ‘నీళ్ళు కలపవద్దు’ అనో ‘రెడీ టు యూజ్’ అనో ఉంటేనే నేరుగా పోయాలి.

దీనికి తిరగబడ్డ తప్పు ఇంకోటుంది, అది కంటికి కనబడదు. రేడియేటర్ కింది ప్లగ్ తీస్తే రేడియేటర్‌లోది మాత్రమే వస్తుంది. ఇంజిన్ బ్లాకులో, హీటర్ కోర్‌లో (బండి లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) మిగిలింది అక్కడే ఉంటుంది. 4.5 లీటర్లు పట్టే బండి అనుకుందాం. చివరిసారి కడిగాక 2.5 లీటర్లే బయటికి వచ్చాయి, అంటే లోపల 2 లీటర్ల ఉత్త నీళ్ళున్నాయి. ఇప్పుడు సగం-సగం రెడీమేడ్ మిశ్రమం 2.5 లీటర్లు పోస్తే అందులో గాఢద్రవం 1.25 లీటర్లే. మొత్తం మీద అది 28 శాతం. మీరు 50 అనుకుంటారు, లోపల 28 ఉంటుంది.

సరైన లెక్క ఇలా చేయండి. 4.5లో సగం 2.25. ముందు 2.25 లీటర్ల గాఢద్రవం పోసి, మిగిలిన పావు లీటరు డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. అందుకే కడగడానికి నీళ్ళు వాడినవాళ్ళు చివర్లో రెడీమేడ్ మిశ్రమం కాకుండా గాఢద్రవం కొనాలి. 30 శాతానికి తగ్గితే తుప్పు నుంచి రక్షణ పలచబడుతుంది. గడ్డకట్టకుండా ఆపడానికి 50 దాటించాల్సిన చలి మన మైదానాల్లో లేదు. ఈ రెండింటి మధ్య మీ బండి మాన్యువల్ ఏ పాళ్ళు చెబితే అవే.

నీళ్ళ విషయంలో మాత్రం రాజీ వద్దు. బోరు నీళ్ళలోని కాల్షియం వేడి గోడల మీదే ముందు పేరుకుంటుంది, అంటే సరిగ్గా చల్లబడాల్సిన చోట. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ లీటర్ల డబ్బాల్లో దొరుకుతుంది, అదే వాడండి.

గాలి: పదింట తొమ్మిదిసార్లు అనుమానించాల్సింది

కూలెంట్ దింపినప్పుడు ఖాళీ అయిన చోటల్లా గాలి చేరుతుంది. పైనుంచి పోస్తుంటే అది పూర్తిగా బయటికి రాదు. హీటర్ కోర్, సిలిండర్ హెడ్ పైభాగం, థర్మోస్టాట్ వెనక మలుపు: ఎత్తుగా ఉన్న ఇలాంటి చోట్ల బుడగ కూర్చుంటుంది. అప్పుడు రెండు నష్టాలు. హెడ్‌లో గాలి ఉన్నచోట లోహం నుంచి వేడి తీసుకుపోయే ద్రవం లేదు, అక్కడ ఆవిరి పుడుతుంది. రెండోది, థర్మోస్టాట్ లోపలి మైనం కూలెంట్ తగిలితేనే సమయానికి కరిగి వాల్వును తెరుస్తుంది. చుట్టూ గాలి ఉంటే ఆలస్యంగా తెరుచుకుంటుంది. వేడి 102, 104 అని ఎక్కుతూ పోయి ఒక్కసారిగా 85కి పడిపోతుంటే ఇదే కారణం. పంపు చెడితే అలా పడిపోదు.

ఇంకో రెండు గుర్తులు. ఇంజిన్ బాగా వేడిగా ఉండి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టినా చల్లటి గాలే వస్తుంటే హీటర్ కోర్‌కు కూలెంట్ చేరడం లేదు. రేస్ ఇవ్వగానే డ్యాష్‌బోర్డు వెనక బిందెలో నీళ్ళు ఒంపినట్టు గుడగుడ వినిపిస్తే అక్కడ బుడగ కదులుతోంది.

ఈ గుర్తులన్నిటికంటే నమ్మదగింది కొలత. బయటికి ఎంత వచ్చింది, లోపలికి ఎంత పోశారు? దింపింది 4 లీటర్లు, పోస్తే పట్టింది 3.2 అయితే 800 మిల్లీలీటర్ల గాలి లోపల ఉంది. దానికి వాదన అక్కర్లేదు.

గాలి తీసే పద్ధతి: ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. వేడి మీద మూత తీస్తే లోపలి ఒత్తిడి తగ్గి, మరుగుతున్న కూలెంట్ ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ముందు చక్రాలను ర్యాంపు మీదికి ఎక్కించి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టండి. నింపే నోరు మొత్తం సిస్టమ్‌లో ఎత్తయిన చోటు కావాలన్నదే ఇందులో కిటుకు. మారుతి 800, ఆల్టో లాంటివాటికి నోరు రేడియేటర్ మీదే ఉంటుంది. పోలో లాంటివాటికి ఒత్తిడి పట్టే ట్యాంకుకే మూత ఉంటుంది.

ఏసీ ఆపి, హీటర్ నాబ్ పూర్తి ఎరుపు వైపు తిప్పి, బ్లోయర్ ఒకటి మీద పెట్టండి. ఇప్పుడు సన్నని ధారగా పోయండి, లీటరుకు రెండు నిమిషాల చొప్పున. గబగబా పోస్తే బుడగలు మీరే తయారుచేసినవాళ్ళవుతారు. పోస్తూ మధ్యమధ్య రేడియేటర్ రబ్బరు గొట్టాలను, అంటే పై హోస్‌నూ కింది హోస్‌నూ గుప్పిటతో పిసకండి. ప్రతి పిసుకుడికీ నోట్లో బుడగలు తేలతాయి. థర్మోస్టాట్ దగ్గరో హీటర్ పైపు మీదో గాలి వదిలే స్క్రూ ఉన్న బండి అయితే దాన్ని వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చేదాకా ఆగి బిగించండి. అది ప్లాస్టిక్‌ది అయితే వేళ్ళ బలం చాలు, స్పానర్‌తో బిగిస్తే విరుగుతుంది.

మూత లేకుండానే స్టార్ట్ చేసి స్లో రన్నింగ్‌లో వదలండి. కళ్ళద్దాలు పెట్టుకుని పక్కగా నిలబడండి. పావుగంటకు పై హోస్ వేడెక్కుతుంది, థర్మోస్టాట్ తెరుచుకోగానే నోట్లో మట్టం ఒక్కసారి కిందికి జారుతుంది. అప్పుడు నింపండి. అరనిమిషం పాటు 2000–2500 ఆర్‌పీఎం, తర్వాత మళ్ళీ స్లో, ఇలా నాలుగైదుసార్లు. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా, హీటర్ నుంచి వేడిగాలి వచ్చేదాకా వదలొద్దు. ఆ తర్వాత మూత బిగించి, రిజర్వాయర్ డబ్బాను రెండు గీతల మధ్యకు నింపండి.

పని ఇంతటితో అయిపోలేదు. రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున మట్టం చూడండి. మొదటి రెండు మూడు రోజులు కాస్త తగ్గడం మామూలే: మిగిలిన బుడగలు బయటికి వస్తున్నాయి. వారం తర్వాత కూడా తగ్గుతుంటే అది లీకే. బోరు నీళ్ళతో నడిచిన రేడియేటర్‌లో ఈ లీకు తరచుగా కడిగిన తర్వాతే బయటపడుతుంది, ఎందుకంటే చిల్లులను ఇన్నాళ్ళూ మూసి ఉంచిన పొక్కునే (పేరుకున్న సున్నం, తుప్పు) మనం కడిగేశాం.

గాలి కాకపోతే

ఎప్పుడు వేడెక్కుతోందో చూడండి. నిలబడితే వేడెక్కి, వేగంగా వెళ్తే చల్లబడుతుంటే ఫ్యాన్ దగ్గర వెతకండి. కనెక్టర్ తిరిగి పెట్టారా? ఏసీ వేయగానే ఫ్యాన్ తిరగాలి, అదే సులువైన పరీక్ష. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవరు ఊడినా గాలి రేడియేటర్ గుండా పోకుండా పక్కనుంచి జారిపోతుంది.

తిరగబడి, హైవే మీద వేడెక్కి ట్రాఫిక్‌లో బాగుంటే ప్రవాహం చాలడం లేదు. కడిగినప్పుడు ఊడిన పొక్కు రేడియేటర్ సన్నగొట్టాల్లో ఇరుక్కుని ఉండొచ్చు. పాత ఆకుపచ్చ కూలెంట్ మిగిలి ఉండగా వేరే రసాయనంతో చేసిన ఎర్రది పోస్తే కొన్నిసార్లు జిగురులా గడ్డకడుతుంది. రంగు ప్రమాణం కాదు, డబ్బా వెనక రాసిన రకం చూడాలి. అంతా వేడెక్కాక రేడియేటర్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ అడ్డంగా నడపండి. మధ్యలో చల్లటి పట్టీలు తగిలితే ఆ గొట్టాలు మూసుకున్నట్టే. మెరిసే లోహం మీద ఈ థర్మామీటర్ తక్కువ చూపుతుంది కాబట్టి విడి అంకెను కాకుండా పక్కపక్క చోట్ల తేడానే చూడండి.

మూతనూ వదలొద్దు. 0.9 అని రాసి ఉంటే అది 0.9 బార్ ఒత్తిడి దాకా పట్టి ఉంచుతుంది. సగం-సగం మిశ్రమం మామూలుగా సుమారు 107 డిగ్రీలకు మరుగుతుంది, ఆ ఒత్తిడిలో అయితే 125 దాటాకే. రబ్బరు పగిలినా, సరిగ్గా కూర్చోకపోయినా ఆ వెసులుబాటు పోతుంది. చల్లారాక పై హోస్ నొక్కుకుపోయి లోపలికి పీల్చుకుని ఉంటే మూతలోని చిన్న వాక్యూమ్ వాల్వు పట్టేసింది. మూత ధర తక్కువ, మార్చేయండి.

ఒక్క గుర్తుకు మాత్రం ఇంట్లో వైద్యం లేదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే హోస్‌లు రాయిలా గట్టిపడి, ఎంతసేపైనా బుడగలు ఆగకపోతే హెడ్ గాస్కెట్‌ను (సిలిండర్ హెడ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) అనుమానించండి. గ్యారేజీలో నీలి ద్రవంతో పరీక్ష చేస్తారు. కూలెంట్‌లోకి ఇంజిన్ పొగ చేరుతుంటే ఆ నీలి ద్రవం పసుపుకు తిరుగుతుంది. అలాంటి బండిని నడపొద్దు.

దింపిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పిల్లులు నాకుతాయి. పళ్ళెంలో వదిలేయకుండా మూత ఉన్న డబ్బాలో పోసి గ్యారేజీకి ఇవ్వండి.

అభ్యాసం: ఒక బండిలో 5.2 లీటర్లు పడతాయి. నీళ్ళతో కడిగి చివరిసారి దింపితే 3 లీటర్లు వచ్చాయి, సగం-సగం రెడీమేడ్ మిశ్రమం 2.6 లీటర్లే పట్టింది. (అ) ఆ రోజు లోపల ఎంత గాలి ఉంది? (ఆ) ఉన్న ద్రవంలో గాఢద్రవం ఎంత శాతం? (ఇ) గాలంతా తీశాక మిగిలిన చోటు ఉత్త గాఢద్రవంతో నింపితే శాతం ఎంతవుతుంది? జవాబులు 8వ పాఠం మొదట్లో. ఆ పాఠానికి గిన్నెడు నీళ్ళు, వంటింటి థర్మామీటర్, విప్పిన థర్మోస్టాట్ సిద్ధంగా ఉంచుకోండి. పొయ్యి మీద దాన్ని తెరిపించి చూద్దాం.